పడవ మీద పిడుగు పడింది: చార్ట్‌ప్లాటర్ పోయింది, పాత ఫోన్ ఎందుకు బతికింది?

ఎప్పుడూ ఫోన్లు, ఇయర్‌బడ్స్, రూటర్ల గురించి రాసే నేను ఈసారి ఒక తెరచాప పడవ గురించి రాస్తున్నాను. టాపిక్ మారిపోయిందని అనుకోకండి, ఇది కూడా గ్యాడ్జెట్ల సంగతే. ఈ రోజుల్లో 36 అడుగుల పడవలో జీపీఎస్ చార్ట్‌ప్లాటర్, రాడార్, ఆటోపైలట్, వీహెచ్ఎఫ్ రేడియో, గాలి వేగం కొలిచే సెన్సార్, లోతు కొలిచే సెన్సార్, సోలార్ కంట్రోలర్, ఇన్వర్టర్ అన్నీ ఉంటాయి. వాటిలో చాలావరకు ఒకే నెట్‌వర్క్ కేబుల్‌కి వేలాడుతుంటాయి.

నేనుండేది ఫ్లోరిడాలో, టాంపా దగ్గర. వేసవి మధ్యాహ్నాల్లో ఇక్కడ ఉరుములు ఎంత మామూలంటే, ఊరి హాకీ టీమ్ పేరే టాంపా బే లైట్నింగ్. పోయిన ఆగస్టులో మా ఆఫీస్ ఫ్రెండ్ పడవ మాస్ట్ మీద పిడుగు పడింది. మాస్ట్ అంటే తెరచాప కట్టే ఎత్తైన అల్యూమినియం స్తంభం. పడవ మెరీనాలో కట్టేసి ఉంది, లోపల ఎవరూ లేరు, కాబట్టి ప్రాణాలకి ఏం కాలేదు. నేను మల్టీమీటర్ పట్టుకుని రెండు వీకెండ్లు ఆ పడవలోనే ఉన్నాను.

పోయినవి: చార్ట్‌ప్లాటర్, రేడియో, గాలి సెన్సార్, రాడార్, ఇన్వర్టర్. బతికినవి: పాటల కోసం డ్రాయర్‌లో పడేసిన పాత ఆండ్రాయిడ్ ఫోన్, ఒక ట్యాబ్లెట్, ఇంకో హ్యాండ్‌హెల్డ్ జీపీఎస్. విచిత్రం ఏంటంటే, అదే డ్రాయర్ పక్కన చార్జర్‌కి తగిలించి ఉన్న హ్యాండ్‌హెల్డ్ రేడియో మాత్రం చచ్చిపోయింది. వాటర్‌ప్రూఫ్, షాక్‌ప్రూఫ్ అని రాసి ఉన్న ఖరీదైన డబ్బాలు పోయి, స్క్రీన్ పగిలిన ఫోన్ బతకడం ఏంటి?

కారణం వైర్లు. ఒక మామూలు పిడుగులో కరెంట్ దాదాపు 30,000 ఆంపియర్ల దాకా వెళ్తుంది. మన ఇంట్లో 1.5 టన్నుల ఏసీ లాగేది ఏడెనిమిది ఆంపియర్లే. కానీ ఎలక్ట్రానిక్స్‌ని చంపేది ఎక్కువగా ఆ కరెంట్ సైజు కాదు, అది పెరిగే స్పీడు. మాస్ట్‌లో కరెంట్ వేగంగా మారుతుంటే చుట్టూ అయస్కాంత క్షేత్రం కూడా అంతే వేగంగా మారుతుంది. ఆ క్షేత్రంలో ఏ వైరు లూప్ ఉన్నా, దానికి ఏదీ తగలకుండానే అందులో వోల్టేజ్ పుడుతుంది. ఇంటర్‌లో చదివిన ఫారడే సూత్రమే ఇది.

ఒక చిన్న లెక్క వేద్దాం. మాస్ట్‌లో కరెంట్ మైక్రోసెకనుకు 10,000 ఆంపియర్ల చొప్పున పెరుగుతోంది అనుకుందాం. మాస్ట్‌కి 1 మీటరు దూరంలో మొదలయ్యే, 2 మీటర్ల పొడవు, 1 మీటరు వెడల్పు ఉన్న వైరు లూప్‌లో పుట్టే వోల్టేజ్ సుమారు 2,800 వోల్టులు. అదే దూరంలో సెంటీమీటరు పొడవు, సెంటీమీటరు వెడల్పు లూప్ ఉంటే, అంటే ఫోన్ బోర్డు మీద ఉండే సైజులో, వచ్చేది 0.2 వోల్టు. ఫోన్‌కి పొడవైన వైరు లేదు, అందుకే బతికింది. చార్జర్‌లో ఉన్న రేడియోకి ఆ వైరే యముడైంది. మన ఊళ్లలో ఉరుములొచ్చినప్పుడు టీవీ కంటే ముందు కేబుల్ బాక్సు, లాన్ వైరు గుచ్చిన రూటర్ పోవడానికి కూడా ఇదే కారణం.

ఫ్యూజులు కాపాడవా అని మీరు అడగొచ్చు. మా ఫ్రెండ్ పడవలో ఒక్క ఫ్యూజు కూడా పోలేదు! ఫ్యూజు కాలాలంటే తీగ వేడెక్కడానికి టైమ్ కావాలి. పిడుగులో ఒక్కో దెబ్బ మైక్రోసెకన్లలో పని కానిచ్చేస్తుంది.

అయితే ఇలాంటి పడవ ఎక్కగానే చార్ట్‌ప్లాటర్ ఆన్ అవుతుందా లేదా అని చూడటం తప్పు. ముందు చూడాల్సింది అడుగు భాగం, నీళ్లు వస్తున్నాయా అని. మాస్ట్ నుంచి దిగిన కరెంట్ ఎలాగైనా నీళ్లలోకి పోవాలి. పడవ అడుగున ఉండే బరువైన లోహపు కీల్‌కి మంచి కనెక్షన్ ఉంటే అటు పోతుంది. లేకపోతే ఎక్కడ వీలైతే అక్కడ ఫైబర్‌గ్లాస్‌ని చీల్చుకుని పోతుంది. తాటిచెట్టు మీద పిడుగు పడినప్పుడు లోపలి నీరు ఒక్కసారిగా ఆవిరై చెట్టు చీలడం మీలో చాలామంది చూసే ఉంటారు. తడి పట్టిన ఫైబర్‌గ్లాస్‌లోనూ అదే జరుగుతుంది. లోతు సెన్సార్ బిగించిన చోట, నీటిమట్టం దగ్గర సూదిబెజ్జాల్లాంటి రంధ్రాలు పడొచ్చు. ఒక్కోసారి సెన్సార్ మొత్తం ఊడిపోతుంది, ఆ కన్నంలోంచి నీళ్లు ధారగా వచ్చేస్తాయి. మావాడి పడవలో సెన్సార్ చుట్టూ చెమ్మ కనిపించింది. క్రేన్‌తో ఒడ్డుకి ఎత్తి చూస్తే కీల్ మీది పూత రూపాయి బిళ్లంత సైజులో నాలుగు చోట్ల ఎగిరిపోయి ఉంది. మాస్ట్‌ని పట్టి ఉంచే స్టీలు తాళ్లని కూడా నిపుణుడు చూడాల్సిందే, అది మల్టీమీటర్ పని కాదు.

ఆ తర్వాతే ఎలక్ట్రానిక్స్. పడవల నెట్‌వర్క్ పేరు ఎన్ఎంఈఏ 2000. ఇది కార్లలో ఉండే క్యాన్ బస్ మీద కట్టిందే, కాబట్టి టెస్టు కూడా అదే. మెయిన్ కేబుల్ రెండు చివర్లా 120 ఓమ్‌ల రెసిస్టర్లు ఉంటాయి. పవర్ ఆపేసి రెండు డేటా వైర్ల మధ్య కొలిస్తే 60 ఓమ్‌లు రావాలి. మాకు వచ్చింది 9. అంటే ఏదో ఒక డబ్బాలో చిప్ షార్ట్ అయి, మొత్తం లైన్‌ని కిందకి లాగుతోంది. ఒక్కోటి పీకుతూ పోతే రాడార్ పీకాక 31, గాలి సెన్సార్ పీకాక 60 వచ్చింది. ఆ తర్వాత పవర్ ఇస్తే ఆటోపైలట్ మళ్లీ ప్రాణం పోసుకుంది. మావాడి ఆనందం చూడాలి!

కానీ 60 ఓమ్‌లు వచ్చినంత మాత్రాన అన్నీ బాగున్నట్టు కాదు, లైన్ షార్ట్ లేదని మాత్రమే. అసలు తలనొప్పి ఇక్కడే మొదలైంది. ఇన్సూరెన్స్ కంపెనీ వాళ్లు చచ్చిపోయిన పరికరాల లిస్టుకి డబ్బులిచ్చి ఫైల్ క్లోజ్ చేస్తామన్నారు. మావాడు సంతకం పెట్టడానికి రెడీ. నేను వద్దన్నాను. ఎందుకంటే సర్జ్ తిన్న సెమీకండక్టర్ వెంటనే చావాలని రూల్ లేదు. లోపలి ఆక్సైడ్ పొర సగం దెబ్బతిని, వారాలో నెలలో పనిచేసి అప్పుడు పోవచ్చు. సరిగ్గా మూడో వారంలో ఆటోపైలట్ ఉన్నట్టుండి పడవని పక్కకి తిప్పడం మొదలుపెట్టింది. నడిసముద్రంలో, రాత్రిపూట, ఓడలు తిరిగే దారిలో అలా జరిగి ఉంటే? అదే నెలలో ఆల్టర్నేటర్ కూడా చార్జింగ్ మానేసింది, డయోడ్లు పోయాయి. ఈ రెండూ మొదటి లిస్టులో లేవు. ఫైల్ తెరిచి ఉండబట్టే తర్వాత చేర్చగలిగాం. లిథియం బ్యాటరీ ఉన్నవాళ్లు దాని బీఎంఎస్‌ని కూడా అనుమానించాల్సిందే. దిక్సూచిని కూడా నమ్మొద్దు, పిడుగు కరెంట్ దగ్గర్లోని ఇనుముని అయస్కాంతంగా మార్చేసి ముల్లుని తప్పుదారి పట్టిస్తుంది.

ఆపే మార్గం లేదా? పిడుగుని ఆపలేం, దారి మాత్రం చూపించొచ్చు. ఈ ఐడియా 19వ శతాబ్దం నాటిది. అప్పట్లో బ్రిటిష్ నౌకల్లో తుఫాను వచ్చినప్పుడు రాగి గొలుసుని పైకి కట్టేవాళ్లు, చాలాసార్లు ఆలస్యమై చెక్క మాస్ట్‌లు ముక్కలయ్యేవి. విలియం స్నో హారిస్ అనే ఆయన మాస్ట్‌లోనే శాశ్వతంగా రాగి పట్టీలు పొదిగి నీళ్ల దాకా దింపమన్నాడు. 1831లో డార్విన్ ఎక్కిన బీగిల్ నౌకలో అమర్చింది ఈ సిస్టమే. ఇప్పటికీ సూత్రం అదే: మాస్ట్ నుంచి నీళ్ల దాకా లావుపాటి, మలుపుల్లేని దారి. మంచినీళ్లలో కష్టం ఎక్కువ, ఉప్పునీళ్లంత బాగా కరెంట్‌ని తీసుకోవు కాబట్టి పడవలోంచి పక్కలకి దూకే మెరుపులు పెరుగుతాయి. హుస్సేన్ సాగర్‌లో చిన్న పడవల మీద సెయిలింగ్ నేర్చుకునేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోండి. అక్కడ కేబిన్ ఉండదు, మాస్ట్ పక్కన ఉండేది మీరే. ఉరుము వినిపిస్తే ఒడ్డుకి వచ్చేయండి. ఫోన్‌లో దామిని యాప్ ఉంటే ఇంకా మంచిది, పూణెలోని ఐఐటీఎం వాళ్లు చేసింది, దగ్గర్లో పిడుగులు పడుతుంటే హెచ్చరిస్తుంది.

సర్జ్ ప్రొటెక్టర్లు కొనాలా అంటే, దగ్గర్లో పడిన పిడుగుకి పనికొస్తాయి, నేరుగా మాస్ట్ మీద పడితే వాటి మీద నాకు నమ్మకం లేదు. నా ఓటు వైర్లు పీకేయడానికే. పడవ వదిలి వెళ్లేటప్పుడు రేడియో యాంటెన్నా కేబుల్, ఒడ్డు నుంచి వచ్చే కరెంట్ ప్లగ్ తీసేయండి. సముద్రంలో ఉన్నప్పుడు ఉరుములొస్తే ఒక ఫోన్, హ్యాండ్‌హెల్డ్ జీపీఎస్, హ్యాండ్‌హెల్డ్ రేడియో తీసి ఓవెన్‌లో పెట్టండి, లోహపు పెట్టె ఫారడే కేజ్‌లా చాలావరకు కాపాడుతుంది. ఫోన్‌లో ఆఫ్‌లైన్ చార్టులు ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. సిగ్నల్ లేకపోయినా ఫోన్ జీపీఎస్ పనిచేస్తుంది, లొకేషన్ దొరకడానికి కొన్ని నిమిషాలు పట్టొచ్చు అంతే. మీది మైక్రోవేవ్ ఓవెన్ అయితే ముందు దాని ప్లగ్ పీకండి, లేకపోతే ఆ వైరు వెంట సర్జ్ ఓవెన్ దాకా వచ్చేస్తుంది. తుఫాను పోయాక లోపల ఫోన్ ఉందని మర్చిపోయి ఎవరూ స్విచ్ వేయకుండా తలుపు మీద ఒక టేప్ కూడా అంటించండి.