ఎండకు నిలిచి నీటికి వాడే బిళ్ళగన్నేరు

ఉద్యానవనాలలో ఏడాది పొడవునా పూచే బహువార్షిక మొక్కలలో బిళ్ళగన్నేరు ముఖ్యమైనది. మడగాస్కర్ ద్వీపం దీని జన్మస్థానం. గోడల పగుళ్ళలోనూ, సముద్రతీరపు ఇసుకలోనూ, ఎవరూ నీరు పోయని సమాధుల చెంతనూ ఇది పెరుగుతుంది. వాడిన పూలు వాటంతట అవే రాలిపోతాయి కనుక ఏరివేసే శ్రమ కూడా లేదు. ఇంతటి మొండి మొక్క శ్రద్ధగా పెంచిన మడులలో వర్షాకాలం రాగానే గుంపులుగా చనిపోవడం విచిత్రంగా తోచవచ్చు.

ఇందుకు ప్రధాన కారణం ఫైటాఫ్తొరా నికోషియానే కలిగించే ఎండు తెగులు. మొదట కొమ్మల చివర్లు నీటిలో నానినట్లు మారి, ముదురు గోధుమ రంగుకు తిరిగి వేలాడతాయి. క్రమంగా తెగులు మొదలు వరకు దిగుతుంది. చూపునకు ఇది నీటి ఎద్దడి వలెనే ఉంటుంది. తోటమాలి మరింత నీరు పెడతాడు, తెగులు మరింత వ్యాపిస్తుంది. కనుక నీరు పెట్టే ముందు వేలెడు లోతున మట్టిని పరిశీలించాలి. తడి ఉండి కూడా మొక్క వాడితే లోపం నీటిది కాదు. కార్బెండజిమ్ పోయడం మరొక పొరపాటు. ఫైటాఫ్తొరా నిజమైన శిలీంధ్రం కాదు, ఊమైసీట్ వర్గానికి చెందినది. ఆ మందు దానిపై పనిచేయదు. మెటలాక్సిల్ వంటివి పనిచేస్తాయి గాని, తెగులు ముదిరిన మొక్కను బ్రతికించలేవు.

అందువలన జాగ్రత్త మడి తయారీతోనే మొదలు కావాలి. నీరు నిలిచే నల్లరేగడిలో ఇసుక, బాగా చివికిన పశువుల ఎరువు కలిపి ఎత్తు మడులు చేసి, మొక్కల మధ్య 30 సెం.మీ. ఎడం ఉంచాలి. ఉదయం వేళ మొదట్లోనే నీరు పెట్టాలి. ఆకులను తడిపే స్ప్రింక్లర్ దీనికి తగదు. చనిపోయిన మొక్కలను వేళ్ళతో సహా తీసివేయాలి. తెగులు బీజాలు మట్టిలో నిలిచి ఉంటాయి కాబట్టి అదే మడిలో వెంటనే మళ్ళీ బిళ్ళగన్నేరు నాటరాదు. సున్నం అధికంగా గల నేలలలో లేత ఆకులు ఈనెల మధ్య పసుపుబారితే అది ఇనుప ధాతు లోపం, తెగులుగా పొరబడరాదు.

లక్నోలోని సీమాప్ సంస్థ రూపొందించిన తెల్లపూల 'నిర్మల్' రకం ఎండు తెగులును తట్టుకుంటుంది. ఔషధ పంటగా ఉద్దేశించినదైనా అలంకరణకూ పనికివస్తుంది. విత్తనం చీకటిలో బాగా మొలకెత్తుతుంది కనుక నారుమడిలో పలుచగా మట్టి కప్పాలి. వర్షాలు ముగిశాక కొమ్మలను సగానికి కత్తిరిస్తే గుబురుగా చిగురిస్తుంది.

విన్‌క్రిస్టిన్, విన్‌బ్లాస్టిన్ అనే క్యాన్సర్ మందులకు మూలమైన ఆల్కలాయిడ్లు ఈ ఆకులలోనే ఉన్నాయి. మధుమేహానికి ఆకులు నమిలే అలవాటును ఏమాత్రం ప్రోత్సహించరాదు. కత్తిరించిన కొమ్మలు పశువుల మేతలో కలవకుండా చూడాలి.