మబ్బేస్తే పండగ చేసుకునే చేప

మీకు తెలుసా? చేపల్లాంటి కళ్లున్న అమ్మాయిని మనం ‘మీనాక్షి’ అన్నాం. అమెరికావాళ్లు తిరగేసి, ఒక చేపకు దాని కళ్ల పేరే పెట్టేశారు. అదే వాలై! ‘ఐ’ అంటే కన్నే. ‘వాల్’ మాత్రం గోడ కాదు. కంటిమీది పొరకు ఉత్తర యూరప్‌లో వాడిన పాత మాట ఒకటి అరిగి అరిగి అలా మిగిలింది. అంటే దీని పేరు ‘పొరకంటి’. ఈ పొరకంటిదేమో చీకట్లో మనకంటే బాగా చూస్తుంది!

పేరు విని మన వాలుగతో చుట్టరికం కలిపేయకండి. వాలుగకు మీసాలున్నాయి, పొలుసు లేదు. వాలైకి పొలుసుంది, మీసాల్లేవు. పెళ్లి సంబంధం కుదరదు.

చీకట్లో ఎలా చూస్తుందో మీకు తెలుసా? కంటి వెనక అద్దంలాంటి పొర ఉంది. లోపలికి వెళ్లిన వెలుతురు ఆ అద్దానికి తగిలి మళ్లీ వెనక్కి వస్తుంది. ఒకే వెలుతురు, రెండుసార్లు వాడకం. టార్చి వేస్తే పిల్లి కళ్లలా భగ్గుమంటాయి. ఇంత పొదుపు మన ఇంటి కరెంటు మీటరుకు ఎవరైనా నేర్పితే బాగుండు!

అంత గొప్ప కళ్లకు రెప్పల్లేవు. అందుకే మిట్టమధ్యాహ్నం లోతులోకి జారుకుని, తెల్లవారుజామున, పొద్దు గూకాక వేటకొస్తుంది. మబ్బేసిందా, నీళ్లు మసకబారాయా, పట్టపగలే దానికి దీపావళి. నీటిమీద గాలికి లేచే చిన్న అలలు వెలుతురును చెదరగొడతాయని ఆ అలలకే ‘వాలై చాప్’ అని పేరు పెట్టారు. అలకు చేప పేరు!

ఇది ఏ కుటుంబందో చెప్పుకోండి చూద్దాం. అమెరికాలో చాలామంది ‘వాలైడ్ పైక్’ అంటారు. పైక్ కాదు. కెనడాలో చాలాచోట్ల ‘పికరెల్’ అంటారు. అదీ కాదు, పికరెల్ అసలు వేరే చేప. పర్చ్ కుటుంబంలో ఉత్తర అమెరికాలోకెల్లా పెద్దది ఇదే. ఫ్రెంచి మాట్లాడే క్యూబెక్‌వాళ్లు మాత్రం ‘దొరే’ అన్నారు. బంగారు పూతది అని అర్థం. రంగు చూసి పెట్టారు కాబట్టి తప్పు పోలేదు!

వసంతం వచ్చిందని దీనికి ఎవరు చెబుతారో మీకు తెలుసా? మంచు. మార్చి, ఏప్రిల్ నెలల్లో మంచు కరిగి నీళ్లు 5 నుంచి 10 డిగ్రీల సెల్సియస్‌కు రాగానే చేపలు నదుల్లోకి ఎదురీదుతాయి. మన పులస గోదావరి వరదకు ఎదురెక్కినట్టే. తేడా అల్లా, పులస సముద్రం నుంచి వస్తే ఇది ఈరీలాంటి సరస్సుల నుంచి వస్తుంది. పుస్తెలు అమ్మేదాకా వెళ్లే పిచ్చి మాత్రం అక్కడివాళ్లకు ఇంకా పట్టలేదు.

ఒక పెద్ద ఆడచేప ఎన్ని గుడ్లు పెడుతుందో ఊహించండి. వెయ్యి? పదివేలు? 5 లక్షల దాకా! రాత్రిపూట గులకరాళ్లమీద చల్లేస్తుంది. గూడు కట్టదు, కాపలా కాయదు, వెనక్కి తిరిగి చూడదు. 5 లక్షల మందికి పేర్లు పెట్టాలంటే ఎవరైనా పారిపోరూ!

విస్కాన్సిన్ రాష్ట్రంలోని వోల్ఫ్ నది వాలైలది మరీ విచిత్రం. వాటికి రాళ్లు నచ్చవు. వరదనీళ్లు పొర్లిన గడ్డి మైదానాల్లోకి ఈదుకెళ్లి పచ్చగడ్డిమీద గుడ్లు పెడతాయి. వరద తొందరగా తీసేసిందా, గుడ్లు గట్టున పడ్డట్టే. పొదిగి బయటికొచ్చిన పిల్లకు సెంటీమీటరు పొడవైనా ఉండదు. ఒంట్లో ఉన్న పచ్చసొన కొద్దిరోజుల తిండి మాత్రమే. అది అయిపోయేలోగా ప్రవాహంలో కొట్టుకుంటూ ఎన్నో మైళ్ల దిగువనున్న సరస్సుకు చేరాలి, లేకపోతే ఆకలి చావే. మన పిల్లలు స్కూలు బస్సు కోసం వీధి చివరిదాకా నడవమంటే మూతి ముడుస్తారు!

ఒహాయోలో మామీ నది ఉంది. పేరు చూసి అమ్మ అనుకోకండి, వసంతంలో అక్కడి నియమాలు అత్తగారివి. మార్చి 1 నుంచి మే 1 దాకా సూర్యోదయం, సూర్యాస్తమయం మధ్యే గాలం వెయ్యాలి. చేప రాత్రిది, చట్టం పగటిది! కొక్కెం నోటి లోపల తగలాలి. తోకకో పొట్టకో గుచ్చుకుంటే చచ్చినట్టు వదిలెయ్యాలి. నడుముదాకా చల్లటి నీళ్లలో నిలబడి, పట్టిన చేప నోరు తెరిచి పరీక్షించే దృశ్యం చూడాలి, దంతవైద్యులు కూడా అంత శ్రద్ధగా చూడరు.

ఆ నది ఒడ్డు నగరం టొలీడో. అక్కడి ఐస్ హాకీ జట్టు పేరేమిటో తెలుసా? పులులు కాదు, సింహాలు కాదు. టొలీడో వాలై! 2009 నుంచి ఆడుతోంది. ప్రత్యర్థులు వణుకుతారో, లొట్టలేస్తారో!

డెట్రాయిట్‌లో మన తెలుగువాళ్లు చాలామందే ఉన్నారు. వాళ్లనొక ప్రశ్న అడగండి. ఊరి నడిబొడ్డు నుంచి కెనడా ఏ దిక్కున ఉంది? ఉత్తరం అన్నవాళ్లు ఓడిపోయారు. నది దాటి దక్షిణానికి వెళ్తే కెనడా! ఆ నదిలో ప్రవాహం ఎంత జోరంటే, పాతకాలం చేతిగాలానికి అర కిలో సీసపు గుండు కడితే తప్ప తాడు అడుక్కి దిగదు. పైన ఆకాశహర్మ్యాలు, కింద వాలైలు, మధ్యలో రెండు దేశాల సరిహద్దు. చేపకు పాస్‌పోర్టు అడిగేవాడు లేడు.

వాన పడి నది పెరిగితే చేప ఎటు పోతుందో తెలుసా? ఒడ్డుకి! నడి ప్రవాహంతో కుస్తీ పట్టడం ఎందుకని మునిగిన చెట్ల మధ్యకు చేరుతుంది. నీరు తగ్గడం మొదలైతే మళ్లీ లోతుకి సర్దుకుంటుంది. జోరు నీరూ నెమ్మది నీరూ రాసుకునే గీత దగ్గర కూచుని, కొట్టుకొచ్చే చిన్న చేపల్ని గుటకాయస్వాహా చేస్తుంది. హోటల్లో వడ్డించేవాడు వచ్చే దారిలోనే కుర్చీ వేసుకునే మనుషులు నాకు తెలుసు.

మిసిసిపీ నదిలో నీళ్లకింద వేల రాతిగట్లు దాక్కుని ఉన్నాయని తెలుసా? 19వ శతాబ్దంలో పడవల దారి లోతుగా ఉండాలని ఒడ్డు నుంచి అడ్డంగా కట్టారు. 1930లలో పెద్ద ఆనకట్టలు వచ్చి నీటిమట్టం లేచేసరికి అవి చాలావరకు మునిగాయి. ఇప్పుడు వాటికి ఇద్దరే అభిమానులు. ఎదురు నీటివైపు రాతి ముఖానికి ఆనుకుని సేదతీరే వాలై ఒకరు. విరిగిన ప్రొపెల్లర్లు బాగుచేసే మెకానిక్ రెండోవారు!

మరీ తేటనీళ్లు వాలైకి పడవని తెలుసా? గ్రేట్ లేక్స్ అనే మహా సరస్సుల్లోకి జీబ్రా ఆల్చిప్ప అనే పరాయి జీవి చేరింది. గోరంత ప్రాణి, రోజుకు సుమారు లీటరు నీరు వడకడుతుంది. నీళ్లు తళతళలాడుతుంటే మనకు ముచ్చట. వాలై మాత్రం ఎండ గుచ్చుకుంటోందని ఇంకా లోతుకి జరుగుతోంది. నీళ్లు శుభ్రమయ్యాయని అలిగే ప్రాణి ఇదొక్కటేనేమో!

వేసవిలో దీన్ని ఏ ఎరతో పట్టుకుంటారో చెప్పండి. జలగతో! డజన్ల లెక్కన డబ్బిచ్చి కొనుక్కుంటారు. మనం ఉప్పు చల్లి వదిలించుకునేదాన్ని వాళ్లు ఫ్రిజ్‌లో దాచుకుంటారు. నీళ్లు బాగా చల్లబడితే జలగ ఉండలా ముడుచుకుపోయి పని చెయ్యదు. అందుకే వసంతంలో, శరత్తులో చిన్న చేపలే ఎర.

కెనడాలోని ఒంటారియో వాయవ్యంలో కొన్ని వాలైలకు నీలం జిగురు పడుతుంది! వేసవిలో మరీ ఎక్కువ. ఆ నీలానికి కారణమైన ప్రొటీన్ పేరు శాండర్‌సయనిన్. అతినీలలోహిత కాంతి పడితే అదే నీలం ఎర్రగా వెలుగుతుంది. దాని గుట్టు విప్పిన 2016 నాటి పరిశోధనలో ఎవరున్నారో తెలుసా? బెంగళూరు శాస్త్రవేత్తలు! చేప కెనడాది, జిగురు కెనడాది, బుర్ర మనది.

వాలైకి ఎర ప్రాణమున్నదే కానక్కర్లేదు, బొమ్మైనా చాలు. 1936లో లౌరీ రాపాలా అనే ఫిన్లండ్ జాలరి బెరడుతో ఒక బొమ్మచేప చెక్కాడు. మెరుపు కోసం దానికి ఏం చుట్టాడో తెలుసా? చాక్లెట్ కాగితం! పైపూతకు ఫొటో నెగటివ్‌లు కరిగించాడు. 1962లో ‘లైఫ్’ పత్రిక దానిమీద రాసింది. అదే సంచిక ముఖచిత్రం మార్లిన్ మన్రో. జనం మన్రో కోసం కొన్నారు, గాలం పట్టుకుని లేచారు!

1960 ఆగస్టులో టెనెసీలో మేబ్రీ హార్పర్ పట్టిన వాలై బరువు 25 పౌన్లు, అంటే 11 కిలోల పైచిలుకు. ప్రపంచ రికార్డు! 36 ఏళ్ల తర్వాత ఒక సంస్థ పాత ఫొటో పరీక్షించి ‘అంత లేదు’ అని కొట్టేసింది. అర్కన్సాలో 1982లో పడిన 22 పౌన్ల 11 ఔన్సుల చేపకు కిరీటం పెట్టింది. ఇంకో సంస్థ మాత్రం హార్పర్ వైపే ఉంది. ఒకే రికార్డుకు ఇద్దరు రాజులు, సాక్షి ఒక ఫొటో!

మిన్నెసోటా రాష్ట్రానికి 1965 నుంచి ఇదే అధికారిక చేప. అక్కడ ఏటా మేలో వేట తెరుచుకునే రోజు చాలాసార్లు మాతృదినోత్సవానికి ముందురోజే పడుతుంది. రాష్ట్ర రికార్డు, 17 పౌన్ల 8 ఔన్సుల వాలై, సీగల్ నదిలో 1979 మే 13న దొరికింది. క్యాలెండర్ తిప్పి చూశాను. సరిగ్గా మాతృదినోత్సవం! ఆరోజు ఇంట్లో అమ్మకు ఏం సమాధానం చెప్పాడో రికార్డుల్లో లేదు.

అదే చేప అమెరికా వాయవ్యంలోని కొలంబియా నదిలో మాత్రం దొంగ. బయటినుంచి తెచ్చి వదిలితే సాల్మన్ పిల్లల్ని మింగేస్తోందని, ‘ఎన్నయినా పట్టుకుపోండి’ అన్నారు. ఒక రాష్ట్రంలో పట్టాభిషేకం, ఇంకో రాష్ట్రంలో దేశబహిష్కారం!

2022 సెప్టెంబరు. ఈరీ సరస్సు వాలై వేట పోటీలో గెలిచిన చేపలు చూడ్డానికి మామూలే, తూకానికి మాత్రం ఏనుగు పిల్లలు. నిర్వాహకుడికి అనుమానం వచ్చి పొట్ట కోశాడు. లోపల సీసపు గుండ్లు! వాటితోపాటు వేరే చేపల ముక్కలు! చేసిన ఇద్దరికీ 10 రోజుల జైలు, పోటీల్లో వాడిన పడవ జప్తు. మన సంతలో రాయి తక్కెడ కింద పెడతారు, వీళ్లు చేపలోనే పెట్టారు.

చలికాలం. నీరు గడ్డకట్టే దశలో వాలై ఒళ్లు కదలదు. లోతు మడుగుల్లో మునగదీసుకుంటుంది. ఎరను దాని ముక్కు ముందు నిమిషాల తరబడి ఊరికే ఊపుతూ ఉండాలి. విస్కాన్సిన్ సరిహద్దులో మిసిసిపీమీద ఏడాది పొడవునా వేటకు అనుమతి ఉంది. అందుకే ఆనకట్టల కింద గడ్డకట్టని నీళ్లలో జనవరిలో కూడా పడవలు కనిపిస్తాయి. కొరికే చలి బయట, కొరకని చేప లోపల.

‘ప్రపంచ వాలై రాజధాని’ ఏ ఊరో మీకు తెలుసా? మిన్నెసోటాలో బాడెట్ మేమే అంటుంది. 1959లో 40 అడుగుల చేప విగ్రహం కట్టి మరీ చెబుతోంది. అదే రాష్ట్రంలోని గ్యారిసన్, ‘కాదు, మేమే’ అంటుంది. నార్త్ డకోటాలో ఇంకో గ్యారిసన్, అక్కడా ఒక చేప విగ్రహం! ఒహాయోలో పోర్ట్ క్లింటన్ కూడా మేమే అంటుంది. మన ఆత్రేయపురం పూతరేకుల్లా ఒక్క ఊరికే పట్టా రాయించుకోవడం వీళ్లకు చేతకాలేదు.

పోర్ట్ క్లింటన్ వాదన మాత్రం బరువైనది, అక్షరాలా 600 పౌన్లు. డిసెంబరు 31 అర్ధరాత్రి న్యూయార్కులో వెలుగుల బంతి దింపుతారు కదా, వీళ్లు 20 అడుగుల ఫైబర్‌గ్లాస్ వాలైని క్రేన్‌తో దింపుతారు! చలిలో వణుకుతూ పది, తొమ్మిది, ఎనిమిది అని జనం కేకలు. ఆ గుంపులో ఏ ఒక్కరి చేతిలోనూ గాలం ఉండదు. చేప దానంతటదే పైనుంచి దిగివచ్చే రాత్రి ఏడాదికి అదొక్కటే మరి!