గాజుతొట్టిలో చేపల పెంపకము

మా విజ్ఞానశాస్త్రపు గదిలో కిటికీకి దూరముగా నొక గాజుతొట్టి గలదు. విరామపు గంట మ్రోగగనే చిన్న తరగతుల పిల్లలు దానిచుట్టు మూగుదురు. అట్టి తొట్టిని తమ యింట నెట్లు నెలకొల్పవలెనని విద్యార్థులును, వారి తలిదండ్రులును మమ్ము పలుమారు అడిగియున్నారు. వారికి ప్రత్యుత్తరముగా నీ వ్యాసమును వ్రాయుచున్నాము.

మొదట మా పొరపాటును చెప్పికొనుట న్యాయము. తొట్టి తెచ్చిననాడే దానిని కడిగి, నీరు నింపి, ఆ సాయంకాలమే ఇరువది చేపలను విడిచితిమి. నీరు స్ఫటికమువలె నిర్మలముగా నుండెను. నాలవనాడు చేపలు నీటిమీదికి వచ్చి, నోళ్లు తెరచి రొప్పసాగెను. ఆకలిగొన్నవని తలచి మరికొంత మేత వేసితిమి. వారము తిరుగునప్పటికి మూడే మిగిలెను. పిల్లలలో కొందరు కన్నీరు పెట్టుకొనిరి. ఆ చేపలను చంపినది రోగము కాదు, ఆకలి కాదు. మా తొందరపాటును, మేము వేసిన మేతయును. ఆనాడు మేము నేర్చుకొన్న పాఠ మొక్కటే: చేపలను పెంచగోరువాడు ముందుగా నీటిని సిద్ధపరుపవలెను.

గార్ల పెద్దచెరువు గట్టున నిలిచి చూడుడు. అందు వేలకొలది చేపలు పుట్టి, పెరిగి, గిట్టుచున్నను నీరు విషము కాకున్నది. మన పొరుగుననే యున్న బయ్యారపు చెరువును కాకతి గణపతిదేవుని సోదరియగు మైలాంబ కట్టించినదని అచటి శాసనము చెప్పుచున్నది. ఇంచుమించు ఎనిమిదివందల యేండ్లనుండి అట్టి చెరువులు చేపలను పోషించుచున్నవి. వాని నీటిని శుద్ధిచేయువా రెవరు?

చేపలు తమ మొప్పలద్వారా అమ్మోనియా యను పదార్థమును విడుచును. తినక మిగిలిన మేత క్రుళ్లినను అదియే పుట్టును. అది స్వల్పమైనను చేపలకు విషము. చెరువు బురదయందును, రాళ్లమీదను, నాచుమీదను కంటికి కనబడని సూక్ష్మజీవులు గలవు. వానిలో నొక తెగ అమ్మోనియాను నైట్రైటుగా మార్చును. నైట్రైటును విషమే, అది చేప రక్తములో చేరి, ప్రాణవాయువును మోయు శక్తిని తగ్గించును. అందుచేతనే నీట ప్రాణవాయు వున్నను చేప రొప్పును. వేరొక తెగ ఆ నైట్రైటును నైట్రేటుగా మార్చును. ఇది మితముగా నున్నప్పుడు హాని చేయదు. నీటిమొక్కలు దీనిని ఆహారముగా గ్రహించును. ఇట్టి సూక్ష్మజీవులను 1890 ప్రాంతమున వినోగ్రాడ్స్కీ యను రష్యా శాస్త్రజ్ఞుడు వేరుచేసి చూపెను.

కొత్త తొట్టిలో ఈ పనివారు లేరు. వారు చేరి వృద్ధిపొందుటకు నాలుగు మొదలు ఆరు వారములు పట్టును. మేము పనివారు రాకమునుపే ఇంటినిండ చుట్టములను పిలిచితిమి!

పూర్వులును ఇట్లే తప్పులు చేసి నేర్చుకొనిరి. 1850లో లండనునందు రాబర్టు వారింగ్టను అను రసాయనశాస్త్రజ్ఞుడు రెండు బంగారుచేపలను, వాలిస్నేరియా యను నీటిమొక్కను ఒక పాత్రలో నుంచెను. మొక్క ఆకులు క్రుళ్లి నీరు చెడిపోసాగెను. అప్పుడతడు కొన్ని నత్తలను చేర్పగా, అవి క్రుళ్లిన ఆకులను తిని నీటిని కాపాడెను. 1853లో లండను జంతుశాలలో ప్రజలు చూచుటకు మత్స్యశాల తెరవబడెను. 1909లో మద్రాసు సముద్రతీరమునను అట్టిది యొకటి వెలసెను. ఇక మన యింటి తొట్టి సంగతి చూతము.

తొట్టి.— చిన్నతొట్టియైన సులభమని పలువురు తలంతురు. అది సరికాదు. నీ రెంత తక్కువయైన అంత త్వరగా చెడును. కావున గుండ్రని గాజుకూజాలను విడిచిపెట్టుడు. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగుంబావు ఎత్తు గల తొట్టి మేలు. అందు సుమారు 70 లీటర్ల నీరు పట్టును. ఇసుకతోను గాజుతోను కలిపి బరువు 90 కిలోగ్రాములకు తగ్గదు గనుక దృఢమైన సమతలపు బల్లపై నుంచవలెను. ఎండ తగులుచోట నుంచిన నీరు వేడెక్కును, పచ్చని పాచి పట్టును. చేపలు ఎగిరి పడును గాన వలమూత తప్పనిసరి.

ఇసుక.— పాకాల యేటి ఇసుకవంటి ముతక ఇసుకను బక్కెట్టులో పోసి, నీరు తేటపడువరకు పలుమారు కడిగి, రెండంగుళముల మందమున పరచవలెను. రాళ్లు పెట్టదలచినచో ముందుగా నొక్కొక్క దానిపై నిమ్మరసము పిండి చూడుడు. నురుగు పొంగినచో అది సున్నపురాయి, దానిని పారవేయుడు.

నీరు.— కుళాయినీటిలో కలుపు క్లోరిను మనకు మేలుచేసినను చేపలకును, ఆ సూక్ష్మజీవులకును కీడు. ఆ నీటిని వెడల్పైన తొట్టిలో ఒక పగలు, ఒక రాత్రి మూత లేకుండ నిలువయుంచిన అది పోవును. లేదా అంగళ్లలో దొరకు విరుగుడు చుక్కలను కొలత ప్రకారము వేయవచ్చును.

వడపోత.— మొదటిసారి పెంచువారికి స్పంజి వడపోతయు, గాలిపంపును చాలును. స్పంజియే సూక్ష్మజీవుల కాపురము. అది మురికిపట్టినప్పుడు కుళాయిక్రింద కడుగరాదు. తొట్టినుండి తీసిన నీటిలోనే పిండవలెను. విద్యుత్తు నిలిచినప్పుడు పనిచేయుటకు బ్యాటరీపంపు ఒకటి దగ్గర నుంచుకొనుట మంచిది.

మొక్కలు.— హైడ్రిల్లాయును, వాలిస్నేరియాయును మన చెరువులలోనే పెరుగును. వానిని తెచ్చి చక్కగా కడిగి నాటుడు. కడుగకున్నచో తూనీగల పిల్లపురుగులు వానితో వచ్చి చేపపిల్లలను తినును. దీపము దినమున కెనిమిది గంటలకు మించి వెలుగరాదు.

ఇవన్నియు కుదిరినపిదప చేపలను తేరాదు; వేచియుండవలెను. దినమున కొక చిటికెడు మేతను ఖాళీతొట్టిలో వేయుచుండుడు. అది క్రుళ్లి అమ్మోనియా పుట్టగా, దానిని తిను జీవులు వృద్ధిపొందును. నీటిని పరీక్షించు చుక్కమందులు అంగళ్లలో లభించును. అమ్మోనియా, నైట్రైటు రెండును మొదట పెరిగి, పిదప సున్నకు వచ్చి, నైట్రేటు మాత్రము కనబడినప్పుడు తొట్టి సిద్ధమైనదని తెలియవలెను. అప్పుడు సగము నీరు మార్చి చేపలను తెండు. మా రెండవ ప్రయత్నమున ఇందులకు ముప్పదియెనిమిది దినములు పట్టెను. పిల్లలు గోడమీద పట్టిక వ్రాసి దినదినము అంకెలు నింపిరి. చేపలు లేని తొట్టిని అంత శ్రద్ధతో చూచినవారిని మేము మునుపు చూడలేదు.

చేపలు.— మొదట ఆరు చారల డానియోలు చాలును. నీలపుచారలు గల ఈ చిన్నిచేప మన భారతదేశపుదే. 1822లో ఫ్రాన్సిస్ హామిల్టను గంగానదీ మత్స్యములనుగూర్చి ప్రచురించిన గ్రంథములో దీనిని వర్ణించెను. నేడు లోకమంతటి ప్రయోగశాలలలో, మన హైదరాబాదు సీసీఎంబీలోను, జీవశాస్త్రజ్ఞులు దీనిని పెంచి పరిశోధించుచున్నారు. రెండు వారములు గడచినపిదపనే మరికొన్నిటిని చేర్పవలెను. చేపలు తెచ్చిన సంచిని విప్పకయే పావుగంట తొట్టినీటిపై తేలనిచ్చి, వేడిమి సమానమైనపిదప వానిని విడువవలెను. చెరువులో ఎఱ్ఱగా గుంపుకట్టి తిరుగు కొర్రమీను పిల్లలను పట్టి తేకుడు. వానిని తలిదండ్రులు కనిపెట్టుచుండును. పెరిగినపిదప అవి తోడిచేపలను మ్రింగును. మేత రెండు నిమిషములలో తినగలిగినంత మాత్రమే వేయవలెను. వారమున కొకసారి నాలవవంతు నీరు మార్చవలెను.

వేసవి.— చలిదేశములవారికి నీటిని వేడిచేయుట కష్టము. మనకు చల్లబరచుట కష్టము. 25 డిగ్రీల నీటిలో లీటరుకు సుమారు 8 మిల్లీగ్రాముల ప్రాణవాయువు ఇముడును. 35 డిగ్రీలైనచో 7 మిల్లీగ్రాములే. కావున మే మాసమున గాలిపంపును ఆపరాదు. నీటిమీదికి పంకాగాలి తగులనిచ్చిన నీరు కొంత చల్లబడును. డిసెంబరు, జనవరి రాత్రులలో మాత్రము చిన్న వేడికడ్డీ అవసరపడవచ్చును.

తుద కొక హెచ్చరిక. చేపలు పెద్దవైనను, విసుగు పుట్టినను వానిని చెరువులో విడిచిన పుణ్యమని కొందరు తలంతురు. అది చెరువునకు ద్రోహము. తొట్టిపాచిని తినునని అంగళ్లలో అమ్ము దక్షిణ అమెరికాచేప యొకటి ఇట్లే నీటిపాలై, నేడు తెలుగుదేశపు నదులలోను చెరువులలోను విస్తరించినది. దాని ముండ్లగట్టిదేహము వలలను చింపుటచేత మత్స్యకారులు దానిని దెయ్యపుచేప యనుచున్నారు. దానిని కొనకుడు. మీకు అక్కరలేని చేపలను అంగడికో, వేరొక పెంపకందారునికో ఇయ్యుడు.

మా మొదటి తొట్టిలో మిగిలిన మూడుచేపలలో నొకటి నేటికిని జీవించియున్నది. పిల్లలు దానికి పేరు పెట్టిరి గాని, మేము దానిని మా గురువుగానే యెంచుచున్నాము.