ఆల్‌ఫ్రెడ్ డీకిన్: ఒక న్యాయవాది, ఒక చట్టం

మెల్‌బోర్న్ నగరానికి ఉత్తరాన సుమారు 25 కిలోమీటర్ల దూరంలోని క్రెయిగీబర్న్‌లో ఈనాడు తెలుగు కుటుంబాలు స్థిరపడి ఉన్నాయి. 1901లో ఆస్ట్రేలియా సమాఖ్య చేసిన వలస నియంత్రణ చట్టం పూర్తిస్థాయిలో అమలైన రోజుల్లో ఇది దాదాపు అసాధ్యం. ఆ చట్టాన్ని పార్లమెంటులో బలంగా సమర్థించిన తొలి అటార్నీ జనరల్ ఆల్‌ఫ్రెడ్ డీకిన్, భారతదేశం గురించి రెండు పుస్తకాలు రాసినవాడు. ఈ రెండు విషయాలూ ఒకే మనిషిలో ఎలా ఇమిడాయన్నది పరిశీలించదగినది.

డీకిన్ 1856లో మెల్‌బోర్న్‌లో జన్మించాడు. న్యాయశాస్త్రం చదివి 1877లో న్యాయవాది అయ్యాడు. కానీ పేరు తెచ్చుకున్నది ‘ది ఏజ్’ పత్రికలో రాసిన వ్యాసాలతో, ఆపైన రాజకీయాలతో. 1879లో విక్టోరియా శాసనసభకు ఎన్నికయ్యాడు. బ్యాలెట్ పత్రాలు చాలక ఆ ఎన్నిక వివాదాస్పదం కావడంతో తన తొలి ప్రసంగంలోనే రాజీనామా ప్రకటించాడు. 1880లో తిరిగి గెలిచాడు. నీటి ఎద్దడి ఎదుర్కొనే విక్టోరియాకు 1886లో నీటిపారుదల చట్టం తెచ్చాడు. ఆ ఆసక్తితోనే 1890-91లో భారతదేశంలో పర్యటించి, అక్కడి కాలువల గురించి ఒకటి, ఆలయాలు, సమాధి మందిరాల గురించి మరొకటి, 1893లో పుస్తకాలు ప్రచురించాడు.

వలస చట్టంలో ఏ జాతి పేరూ కనిపించదు. జాతిని బాహాటంగా పేర్కొనవద్దన్నది బ్రిటిష్ ప్రభుత్వ సూచన. దక్షిణాఫ్రికాలోని నటాల్‌లో, తెలుగువారితో సహా అనేకమంది భారతీయులు కూలీలుగా వెళ్ళిన చోట, 1897లో చేసిన చట్టమే ఇందుకు నమూనా. అధికారి ఏదో ఒక ఐరోపా భాషలో 50 పదాలు చదువుతాడు. వచ్చినవాడు వాటిని తప్పులేకుండా రాయాలి. భాషను ఎంచుకునేది అధికారే కనుక, ఇంగ్లీషు బాగా వచ్చినవారిని సైతం తప్పించవచ్చు. ఆసియావాసులు ప్రమాదకరం అయ్యేది వారి దుర్గుణాల వల్ల కాదు, శ్రమ, ఓర్పు వంటి సద్గుణాల వల్లనేనన్నది జపనీయుల విషయంలో డీకిన్ వాదన. అంటే భారతదేశాన్ని ఎరగకపోవడం కాదు, ఆసియావాసుల సామర్థ్యాన్ని గుర్తించడమే ఆయన భయానికి ఆధారం.

1905లో, ఆయన రెండవసారి ప్రధానమంత్రిగా ఉండగా, ‘ఐరోపా భాష’ అన్నచోట ‘నిర్ణీత భాష’ అని చేర్చారు. మాట మారింది, ఆచరణ మారలేదు.

హైకోర్టు స్థాపనకు 1903లో మూలమైన చట్టం కూడా డీకిన్ కృషి ఫలితమే. 1934లో చెక్ రచయిత ఎగోన్ కిష్‌కు స్కాటిష్ గేలిక్‌లో ఈ పరీక్ష పెట్టినప్పుడు, అది చట్టం ఉద్దేశించిన ఐరోపా భాష కాదని తీర్పిచ్చింది ఆ హైకోర్టే. డీకిన్ 1919లో మరణించాడు. పరీక్ష 1958లో రద్దయింది. జాతి ప్రాతిపదిక 1973లో పూర్తిగా తొలగింది.

డీకిన్ జీవితం నేర్పేది ఇదే: చట్టంలోని మాటల్లో వివక్ష కనబడనంత మాత్రాన సరిపోదు. దాన్ని అమలుపరిచే అధికారికి ఎంత వెసులుబాటు ఇచ్చారో కూడా చదవాలి.