మారని లైనులో ఉన్న తప్పు

సీ భాషలో పని చేసేవాళ్ళకి లింక్డ్ లిస్టు అంటే కొంచెం చిన్నచూపే. ఇంజనీరింగ్ రెండో సంవత్సరం ల్యాబులో రాసేశాం, ఇంటర్వ్యూల్లో దాన్ని తలకిందులు చేసి చూపించాం, ఇంక కొత్తగా తెలుసుకోవడానికి ఏముంది అనుకుంటాం. అందుకే ఎవరైనా లిస్టు మీద నడిచే లూపులో చిన్న మార్పు చేసి రివ్యూకి పంపితే, కాఫీ చల్లారే లోపే చూసేసి "బాగుంది" అని ఆమోదిస్తాం. హైదరాబాదులో రాత్రి పదకొండింటికి ఒకరు పంపిన మార్పు, న్యూజెర్సీలో ఆ మధ్యాహ్నానికల్లా ప్రోగ్రాములో కలిసిపోతుంది. అలాంటి ఒక మార్పుని తీసుకుని, దాన్ని నిదానంగా చదివితే ఏం కనబడుతుందో చూద్దాం.

ఒక సర్వరు ప్రోగ్రాము ఉందనుకోండి. అందులో కనెక్షన్లన్నీ ఒక లిస్టులో ఉంటాయి. పాత పద్ధతిలో ప్రతి కనెక్షనులోనూ తన తరవాతి దాన్ని చూపించే పాయింటరు ఒకటి ఉంటుంది, ఆఖరి దాంట్లో ఆ పాయింటరు నల్. ఫలానా నంబరున్న కనెక్షన్ని వెతికే ఫంక్షను చాలా తేలిక: మొదటినుంచి ఒక్కొక్కటీ చూస్తూ పోతుంది, నంబరు కలిస్తే లూపులోంచి బయటపడుతుంది. లూపు అయ్యాక పాయింటరు నల్ అయితే "దొరకలేదు" అని తిరిగొస్తుంది. నల్ కాకపోతే, దొరికిన కనెక్షనులో ఆఖరిసారి వాడిన సమయాన్ని సరిచేస్తుంది.

ఇప్పుడు ఆ చేత్తో రాసిన లిస్టుని తీసేసి, లినక్స్ కెర్నెల్లో వాడే పద్ధతిలోకి మార్చారు. చాలా కంపెనీల ప్రోగ్రాముల్లో ఈ పద్ధతికి నకళ్ళు కనిపిస్తాయి కాబట్టి, మార్పు కూడా సహజంగానే అనిపిస్తుంది. వెతికే ఫంక్షనులో మారింది ఒకే ఒక్క లైను: పాత ఫర్ లూపు పోయి, లిస్ట్_ఫర్_ఈచ్_ఎంట్రీ అనే మాక్రో వచ్చింది.

ఈ కొత్త లిస్టు ఎలా ఉంటుందో చెప్పడానికి జపమాలని మించిన ఉదాహరణ లేదు. మాలలో 108 పూసలు ఉంటాయి, వాటితోపాటు మేరుపూస ఒకటి ఉంటుంది. మేరుపూస లెక్కలోకి రాదు. వేళ్ళకి అది తగిలిందంటే ఒక చుట్టు పూర్తయిందని గుర్తు, అంతే. కెర్నెల్ లిస్టు కూడా గుండ్రంగా ఉండే మాలే. దాని హెడ్డు మేరుపూస లాంటిది. అందులో ముందుకి, వెనక్కి చూపించే రెండు పాయింటర్లు తప్ప సమాచారం ఏమీ ఉండదు. నల్ అనేది ఈ మాలలో ఎక్కడా లేదు.

ఇంకొక విశేషం. ఈ పద్ధతిలో పాయింటర్లు చూపించేది కనెక్షన్ స్ట్రక్చరుని కాదు, దాని లోపల పొదిగిన చిన్న లంకెని. ఆ లంకె నుంచి అసలు స్ట్రక్చరుకి చేరడానికి మాక్రో ఒక తీసివేత చేస్తుంది. ఉదాహరణకి, కనెక్షన్ స్ట్రక్చరు మొదలైన 16 బైట్ల తరవాత లంకె ఉందనుకుందాం. లంకె చిరునామా 8016 అయితే కనెక్షన్ చిరునామా 8000. మాల మీద ఉన్న అసలు పూసలకి ఈ లెక్క ఎప్పుడూ సరిపోతుంది.

మరి మనం వెతికే నంబరు లిస్టులో లేకపోతే? లూపు మాలంతా తిరిగి మేరుపూస దగ్గరికి చేరుతుంది. మాక్రో అక్కడ కూడా అదే తీసివేత చేస్తుంది. హెడ్డు చిరునామా 5000 అయితే పాయింటరు విలువ 4984. అక్కడ కనెక్షన్ ఏదీ లేదు. హెడ్డుకి 16 బైట్ల ముందు ఏముంటే అదే ఉంది. అయినా ఆ విలువ నల్ కాదు. లూపు తరవాత "పాయింటరు నల్ అయిందా?" అని అడిగితే "కాలేదు" అనే జవాబు వస్తుంది. "దొరకలేదు" అని చెప్పవలసిన ఫంక్షను, లేని కనెక్షనులో సమయాన్ని సరిచేస్తున్నాననుకుని పక్కనున్న మెమరీ మీద రాసేస్తుంది.

కంపైలరు దీని గురించి నోరెత్తదు, ఎందుకంటే టైపులన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఉన్న కనెక్షన్ని వెతికే టెస్టులన్నీ పాసవుతాయి. అడ్రస్ శానిటైజరు కూడా ప్రతిసారీ పట్టుకోలేదు: హెడ్డు ఏదైనా పెద్ద స్ట్రక్చరు మధ్యలో ఉంటే, ఆ తప్పు రాత పడేది ప్రోగ్రాముకి చెందిన మెమరీలోనే. కొన్ని వారాల తరవాత ఏ సంబంధమూ లేని చోట ఒక లెక్క తప్పుగా వస్తుంది. ఎవరో దాని వెంట రాత్రుళ్ళు పడతారు.

ఇక రివ్యూ సంగతి. మార్పుని చూపించే డిఫ్, మామూలుగా మారిన లైనుకి పైన మూడు, కింద మూడు లైన్లు మాత్రమే చూపిస్తుంది. మన ఫంక్షనులో మారిన లైను కింద ఉన్నవి నంబరు పోల్చే లైను, బ్రేక్, మూసే బ్రాకెట్టు. అక్కడికి మూడు లైన్లూ అయిపోయాయి. నల్ అయిందా అని అడిగే లైను నాలుగోది. అది మారలేదు, తెర మీదకి రాలేదు. కానీ దాని అర్థం మాత్రం పూర్తిగా మారిపోయింది. తప్పు మారిన లైనులో లేదు, మారని లైనులో ఉంది. అందుకని లిస్టు నడక మారినప్పుడు డిఫ్ ఒక్కటీ చదివితే చాలదు. ఫంక్షను మొత్తం తెరిచి, లూపు ముగిసిన తరవాత ఆ పాయింటరుని ఎవరైనా ముట్టుకుంటున్నారా అని చూడాలి.

ఇది బడిపిల్లల తప్పు అనుకోకండి. 2022 ఫిబ్రవరిలో ఒక పరిశోధకుడు లినక్స్ కెర్నెల్లో లిస్టు లూపులకి సంబంధించిన ప్యాచ్‌లు పంపినప్పుడు, సరిగ్గా ఇలాంటి వాడకమే యూఎస్‌బీ గాడ్జెట్ డ్రైవర్లలో బయటపడింది. లూపు అయిపోయాక కూడా దాని పాయింటరుని వాడుతున్నారు. లైనస్ టోర్వాల్డ్స్ దీన్ని ఒక్క డ్రైవరు తప్పుగా చూడలేదు. లూపు పాయింటరు లూపు బయట బతికి ఉండటమే అసలు జబ్బు అన్నాడు. కెర్నెల్ని అప్పటిదాకా 1989 నాటి సీ ప్రమాణం ప్రకారం, గ్నూ చేర్పులతో కంపైల్ చేసేవారు. ఆ ప్రమాణంలో ఫర్ లూపు లోపలే వేరియబుల్‌ని ప్రకటించే వీలు లేదు. 1999 ప్రమాణంలో ఆ వీలుంది. ఆ చర్చలో ఆర్న్డ్ బెర్గ్‌మన్ ఏకంగా 2011 ప్రమాణానికే వెళ్ళవచ్చని సూచించాడు. చివరికి 2022 మేలో విడుదలైన 5.18 కెర్నెల్ నుంచి అదే అమల్లోకి వచ్చింది. లిస్టు నడకలో దొరికిన చిన్న లోపం, కోట్ల లైన్ల ప్రోగ్రాముకి భాషా ప్రమాణాన్నే మార్పించింది.

అయితే ప్రమాణం మారినంత మాత్రాన పాత లూపులు వాటంతట అవే బాగుపడవు. వాటికి మందు ఒకటే, అది చాలా సాదాగా ఉంటుంది. "దొరికింది" అనే అర్థంతో వేరే పాయింటరు ఒకటి పెట్టి, దాన్ని ముందే నల్ చేయాలి. లూపులో నంబరు కలిసినప్పుడు మాత్రమే అందులో విలువ వేసి బయటపడాలి. లూపు తరవాత ఆ రెండో పాయింటరునే అడగాలి. రివ్యూలో మీరు ఇవ్వవలసిన సలహా ఇదే. దాంతోపాటు రెండు టెస్టులు కూడా అడగండి: లేని నంబరుని వెతికేది ఒకటి, ఖాళీ లిస్టులో వెతికేది ఒకటి.

చూడవలసిన రెండో చోటు, లూపు లోపల పూసని తీసేయడం. కనెక్షన్ని ఫ్రీ చేసి, తరవాత అందులోంచే ముందుకి వెళ్ళే పాయింటరుని చదవడం తప్పని అందరికీ తెలుసు. అయినా ఇది టెస్టుల్లో ఎందుకు గట్టెక్కుతుంది? ఫ్రీ చేసిన మెమరీని లైబ్రరీ వెంటనే తుడిచెయ్యదు. ఉదాహరణకి 64 బిట్ల గ్లిబ్‌సీలో చిన్న ముక్కలకి, తన సొంత లెక్కల కోసం మొదటి 16 బైట్లని వాడుకుంటుంది. లంకె దాని తరవాత ఉంటే, పాత విలువ చాలాసార్లు అలాగే మిగిలి ఉంటుంది. వేరే థ్రెడ్డు ఆ ముక్కని తీసుకున్న రోజున బండారం బయటపడుతుంది.

దీనికోసమే ఆ మాక్రోకి "సేఫ్" అనే తోకతో ఇంకొక రూపం ఉంది. అది తరవాతి పూస చిరునామాని ముందే దాచుకుంటుంది. కానీ ఆ పేరు చూసి మోసపోవద్దు. చేతిలో ఉన్న పూసని మీరే తీసేస్తే అది సేఫ్. దాచుకున్న తరవాతి పూసని ఇంకెవరైనా తీసేస్తే కాదు. లూపు మధ్యలో లాకుని వదిలి మళ్ళీ పట్టుకుంటున్నారా, పిలిచిన ఫంక్షను లోపల ఇంకొక కనెక్షను కూడా మూసుకుపోతోందా అని చూడవలసిన బాధ్యత రివ్యూ చేసేవాళ్ళదే. ఒక కనెక్షను పడిపోతే దాని జంట కనెక్షన్ని కూడా మూసే ప్రోగ్రాముల్లో ఇది మామూలుగా జరిగేదే.

చివరగా ఒక మినహాయింపు. వరుస క్రమంలో ఉన్న లిస్టులో కొత్త పూసని చేర్చేటప్పుడు, లూపు తరవాత ఆ పాయింటరులోని లంకెని వాడటం మీకు కనబడవచ్చు. చోటు దొరక్క మాలంతా తిరిగినా, 4984కి 16 కలిపితే మళ్ళీ 5000, అంటే హెడ్డు. దానికి ముందు చేర్చడం అంటే చివర చేర్చడమే. కాబట్టి అది పని చేస్తుంది. దాన్ని తప్పని తిప్పి పంపేముందు ఈ లెక్క వేసి చూడండి. పని చేసినా, రేపు ఇంకొకరు దాన్ని చూసి పక్క ఫీల్డుని కూడా చదువుతారన్న భయం ఉంటుంది కాబట్టి, మార్చమని అడగడంలోనూ తప్పు లేదు. ఎందుకు అడుగుతున్నారో మాత్రం రెండు వాక్యాలు రాయండి. అటువైపు ఉన్నవాళ్ళకి "ఇది మార్చండి" అన్న మాట కంటే ఆ రెండు వాక్యాలే ఎక్కువ ఉపయోగపడతాయి.