పూర్వ విద్యార్థి ఘనతలో విశ్వవిద్యాలయం వాటా

వాల్తేరులోని నూరేళ్ల ఆంధ్ర విశ్వవిద్యాలయం తన పూర్వ విద్యార్థులను తలచుకుంటే మొదటి వరుసలో నిలిచే పేరు సి.ఆర్.రావు. అక్కడ గణితంలో ఎమ్మే చేసిన ఆయన 1945లో, పాతికేళ్ల ప్రాయంలో అచ్చయిన ఒకే ఒక్క వ్యాసంతో గణాంకశాస్త్రం దారి మార్చారు. ఎంత మంచి అంచనాలోనైనా తప్పనిసరిగా మిగిలే తేడాకు కింది హద్దు ఎక్కడుందో చెప్పే క్రామర్-రావు సూత్రం అందులోదే. 102 ఏళ్ల వయసులో, 2023లో, ఆయనకు అంతర్జాతీయ గణాంకశాస్త్ర బహుమతి ప్రకటించారు. వాల్తేరు చదువుకీ ఆ బహుమతికీ మధ్య జరిగిన సంగతి మాత్రం సన్మాన పత్రాల్లో చోటు దొరకనిది. గణిత పరిశోధన కోసం ఆయన పెట్టుకున్న ఉపకారవేతనం దరఖాస్తు ఆలస్యంగా అందిందని తిరస్కరించారు. సైన్యంలో ఉద్యోగం కోసం కలకత్తా వెళ్తే అదీ దక్కలేదు. ఆ ఊళ్లోనే మహలనోబిస్ నడుపుతున్న భారతీయ గణాంక సంస్థ గురించి తెలిసి, 1941లో అందులో చేరారు.

పూర్వ విద్యార్థి ఎంత ఎదిగాడన్నది విశ్వవిద్యాలయానికి కొలమానం కాదు. అతని దారి మలుపు తిరిగిన రోజున ఆ సంస్థ ఏం చేసిందన్నదే కొలమానం. ఉదాహరణకు, 1938లో వందేమాతరం పాడినందుకు ఉస్మానియా విశ్వవిద్యాలయం తన విద్యార్థులను వెళ్లగొట్టింది. వాళ్లను చేర్చుకుని చదువు నిలిపింది నాగపూర్ విశ్వవిద్యాలయం, దాని ఉపకులపతి టి.జె.కేదార్. ఆ వందేమాతరం ఉద్యమంలో చదువు కోల్పోయి నాగపూర్ చేరినవారిలో పి.వి.నరసింహారావు ఒకరు. ఆయన తర్వాత ప్రధాని అయ్యారు. ఆ ఘనతలో చదువు చెప్పినవారందరికీ వాటా ఉంది. కానీ తలుపు మూసిన చోటు కంటే తీసిన చోటి వాటా పెద్దదని ఒప్పుకోవడమే న్యాయం.

ప్రతిభ ఉన్నవాడు ఎక్కడైనా రాణిస్తాడు, సంస్థ గొడవ ఎందుకని కొందరంటారు. రావు కథే దీనికి జవాబు. కలకత్తాలో ఆ సంస్థే లేకపోతే అంతటి మేధ ఏ మామూలు కార్యాలయంలోనో లెక్కలు వేస్తూ ఉండిపోయేది. అలా ఉండిపోయినవారి పేర్లు మనకు తెలియవు కాబట్టే ప్రతిభ తనంతట తానే గెలుస్తుందని నమ్ముతున్నాం. అయితే వాల్తేరు వాటా తక్కువేమీ కాదు. 1931 నుంచి 1936 దాకా ఉపకులపతిగా ఉన్న సర్వేపల్లి రాధాకృష్ణన్ కాలంలో సూరి భగవంతం, టి.ఆర్.శేషాద్రి వంటి యువ శాస్త్రవేత్తలు అక్కడ పాఠాలు చెప్పారు. మంచి గురువులను వెతికి తెచ్చుకున్న ఆ పనే అసలు గర్వించదగినది. శిలాఫలకం మీది పేర్లు దాని ఫలితాలు మాత్రమే.

గొప్పవారి పేర్లు కొత్త విద్యార్థులకు స్ఫూర్తినిస్తాయన్న వాదన బలమైనదే, కాదనను. కానీ శిఖరం ఒక్కటే చూపిస్తే పల్లె నుంచి వచ్చిన పిల్లవాడికి అది తనది కాదనిపిస్తుంది. తిరస్కరణకు గురైన దరఖాస్తును కూడా చూపిస్తే, అతనికి దారి కనిపిస్తుంది. పైగా ఇలాంటి ఘనుల జాబితాల్లో పదవులు, కంపెనీలు, అవార్డులే ఎక్కుతాయి. అవే విశ్వవిద్యాలయాల పట్టాతో మారుమూల బడుల్లో ముప్పయ్యేళ్లు లెక్కలు చెప్పిన ఉపాధ్యాయులు, జిల్లా ఆసుపత్రుల్లో బతుకంతా గడిపిన వైద్యులు ఎక్కరు. తెలుగు నేలపై విశ్వవిద్యాలయాల నిజమైన ప్రభావం ఎక్కువగా వాళ్ల ద్వారానే ఊళ్లకు చేరింది.

కాబట్టి వార్షికోత్సవ సంచిక వేసే ప్రతి విశ్వవిద్యాలయం ఘనుల జాబితాతో ఆగకూడదు. ఎవరికి ఏ ఉపకారవేతనం ఇచ్చారో, ఎవరికి నిరాకరించారో, ఎవరిని బహిష్కరించారో కూడా అచ్చువేయాలి. పాత రిజిస్టర్లు చెదలు పట్టకముందే ఆ పని మొదలుపెట్టాలి.