‘మీ వెనుక ఎవరున్నారు?’

వికారాబాద్ జిల్లాలో అసెంబ్లీ స్థానాలు నాలుగు. 2018లో మూడింటిని టీఆర్ఎస్ గెలిచింది. తాండూరు ఒక్కటే కాంగ్రెస్‌కు దక్కింది, ఆ ఎమ్మెల్యే కూడా మరుసటి ఏడాదే టీఆర్ఎస్‌లో కలిశారు. 2023లో నాలుగూ కాంగ్రెస్‌వే. ఇన్ని మార్పుల మధ్య దామగుండం అడవి గురించి మాట్లాడేవాళ్లు మాత్రం ఉన్నచోటే ఉన్నారు. అయినా ‘మీది ఏ పార్టీ? మీ వెనుక ఎవరున్నారు?’ అనే ప్రశ్న ఎదురయ్యేది వాళ్లకే.

పూడూరు మండలంలోని ఈ అడవిలో నౌకాదళ రాడార్ కేంద్రానికి ఇచ్చిన భూమి 1,174 హెక్టార్లు, అంటే దాదాపు 2,900 ఎకరాలు. మూసీ పుట్టేది ఈ పక్కనే, అనంతగిరి కొండల్లో. 2024 అక్టోబర్ 15న రక్షణ మంత్రి రాజ్‌నాథ్ సింగ్, ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి కలిసి శంకుస్థాపన చేశారు. దీనికి 2017లోనే అప్పటి ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చిందని ముఖ్యమంత్రి ఆ సందర్భంలో చెప్పారు. ఆ ఉత్తర్వు నాటికి అధికారంలో ఉన్న పార్టీయే ప్రతిపక్షంలోకి వచ్చాక ఈ ప్రాజెక్టును గట్టిగా వ్యతిరేకించింది. పార్టీల మాట కుర్చీని బట్టి మారింది. అడవి కోసం కోర్టుకెక్కిన పరిరక్షణ కమిటీ మాట మారలేదు. రాడార్ దేశానికి అవసరమా కాదా అన్నది వేరే చర్చ. ఆ కమిటీకి పార్టీ ముద్ర వేయాలంటే మాత్రం ఏ పార్టీ ముద్ర వేస్తారో వేసేవాళ్లే చెప్పాలి.

శంకుస్థాపన జరిగి నెల తిరగకముందే ఇదే జిల్లాలోని లగచర్లలో గొడవ. దుద్యాల మండలంలో ఫార్మా పరిశ్రమలకు 1,300 ఎకరాలకు పైగా సేకరించాలని నోటీసులు వచ్చాయి. 2024 నవంబర్ 11న ప్రజాభిప్రాయ సేకరణ రోజు కలెక్టర్, అధికారులపై దాడి జరిగింది. దాడి తప్పే. అందులో రెండో మాట లేదు. రెండు రోజులకు బీఆర్ఎస్ (పాత టీఆర్ఎస్) మాజీ ఎమ్మెల్యే అరెస్టయ్యారు, ఇదంతా ప్రతిపక్షం కుట్ర అని ప్రభుత్వం అంది. అదే నెలలో తండాల ఆడవాళ్లు ఢిల్లీ వెళ్లి జాతీయ మానవ హక్కుల కమిషన్ ముందు గోడు చెప్పుకున్నారు, కమిషన్ బృందం ఊరికి వచ్చింది. నవంబర్ 29న ప్రభుత్వం ఫార్మా నోటిఫికేషన్ వెనక్కి తీసుకుంది. భూమి పోతుందన్న భయం ఎకరం, రెండెకరాల రైతుది. పార్టీ ఆ భయం పక్కన వచ్చి నిలబడి ఉండొచ్చు. అంతమాత్రాన భయం పార్టీది అయిపోదు.

పార్టీకీ సంఘానికీ మధ్య గీతను చట్టం ఎక్కడ గీసిందో లెక్కలతో చూద్దాం.

మన రాష్ట్రంలో సొసైటీ పెట్టాలంటే 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద ఏడుగురు చాలు. రాజకీయ పార్టీ పెట్టాలంటే కనీసం 100 మంది ఓటర్లు సభ్యులుగా ఉండాలి. 80జీ గుర్తింపు ఉన్న సంస్థకు మీరు 10,000 రూపాయలు ఇస్తే సాధారణంగా అందులో సగానికే పన్ను మినహాయింపు. అదే 10,000 చెక్కు రూపంలో పార్టీకి ఇస్తే పాత పన్ను విధానంలో మొత్తానికీ మినహాయింపు. బడి మానేసిన పిల్లను మళ్లీ బడికి పంపే సంస్థకు సగం, ఎన్నికల పోస్టర్లకు పూర్తి! పార్టీ ఎన్నికల సంఘానికి పేరు చెప్పాల్సింది 20,000 దాటిన విరాళాలకే. విదేశీ నిధులు తీసుకునే సంస్థ మాత్రం ఎంత వచ్చిందో ఏటా ప్రజలకు చూపాలి.

విదేశీ నిధుల సంగతి ఇంకాస్త ఆగి చూడాల్సింది. విదేశీ విరాళాల నియంత్రణ చట్టం 1976లో, ఎమర్జెన్సీ రోజుల్లో వచ్చింది. దాని స్థానంలో 2010లో కొత్తది వచ్చింది. 2011 నిబంధనల్లో ఒక చిత్రమైన క్లాజు ఉంది. బంద్, హర్తాళ్, రాస్తా రోకో, రైల్ రోకో, జైల్ భరో తరచూ చేసే సంస్థను ‘రాజకీయ స్వభావం గలది’గా ప్రకటించి విదేశీ నిధులు ఆపేయవచ్చని. తాండూరులో దుమ్ము తట్టుకోలేక జనం రోడ్డు మీద కూర్చున్నా రాస్తా రోకోయే కదా! 2020 మార్చి 6న సుప్రీంకోర్టు దీన్ని సరిచేసింది. పార్టీ రాజకీయాలతో సంబంధం లేకుండా ప్రజా సమస్య మీద ఇలాంటి ఆందోళన చేసినంత మాత్రాన నిధులు ఆపకూడదని ‘ఇన్సాఫ్’ అనే సంస్థ వేసిన కేసులో చెప్పింది. ఆరు నెలలకే పార్లమెంటు చట్టాన్ని వేరే వైపు నుంచి బిగించింది. పాలనా ఖర్చుల పరిమితి 50 శాతం నుంచి 20 శాతానికి దిగింది. ఒక సంస్థ తనకు వచ్చిన విదేశీ నిధుల్లోంచి మరో చిన్న సంస్థకు ఇవ్వడం పూర్తిగా ఆగింది. హైదరాబాద్ సంస్థ దగ్గర కొంత తీసుకుని బషీరాబాద్ పల్లెల్లో పని చేసే చిన్న సంఘానికి ఈ దెబ్బ ఎంత గట్టిదో ఊహించుకోవచ్చు.

మరి పార్టీల సంగతి? విదేశీ సంస్థకు చెందిన కంపెనీల నుంచి విరాళాలు తీసుకుని కాంగ్రెస్, బీజేపీ రెండూ ఈ చట్టాన్ని ఉల్లంఘించాయని 2014 మార్చిలో ఢిల్లీ హైకోర్టు తేల్చింది. ఆ విరాళాలు తప్పు కాకుండా 2016లో చట్టాన్ని 2010 నుంచి వర్తించేలా సవరించారు. అది చాలక 2018లో మరో సవరణతో 1976 ఆగస్టు 5 దాకా వెనక్కి జరిపారు. 42 ఏళ్ల వెనక్కి! దేశంలో 20,000కు పైగా సంస్థల విదేశీ నిధుల రిజిస్ట్రేషన్లు రద్దయ్యాయి. వాటిలో దేనికీ ఇలాంటి వెసులుబాటు దొరకలేదు. నాకు కోపం వచ్చేది ఇక్కడే.

అమెరికాలో ఇదే గీత మరోలా ఉంది. 501(సి)(3) కింద నమోదైన సంస్థకు ఇచ్చే విరాళానికి పన్ను మినహాయింపు ఉంటుంది. ఇలాంటివి సుమారు 15 లక్షలు. ఏ అభ్యర్థికీ అనుకూలంగానో వ్యతిరేకంగానో ప్రచారం చేయకూడదని 1954లో నిషేధం వచ్చింది. చట్టాల మీద ఒత్తిడి తేవచ్చు, అదీ పరిమితంగా. 501(సి)(4) కింద నమోదైతే రాజకీయం ఎక్కువ చేయొచ్చు, కానీ దాతకు మినహాయింపు లేదు. తుపాకీ హక్కుల వైపున్న ఎన్ఆర్ఏ, పౌరహక్కుల వైపున్న ఏసీఎల్‌యూ రెండూ ఈ రెండో రకమే. ఒకటి కుడి, ఒకటి ఎడమ, గడి ఒకటే. అక్కడ మొగ్గు ఉండటం నేరం కాదు, ఏ గడిలో ఉన్నావో చెప్పాలి. అలాగని అంతా బాగుందనలేం. రెండో రకం సంస్థలు చాలావరకు దాతల పేర్లు బయటపెట్టనక్కర్లేదు, ఆ చాటు నుంచే ఎన్నికల్లోకి కోట్ల డాలర్లు వస్తున్నాయి.

దామగుండం వాళ్లు వినాల్సిన కథ ఒకటి అక్కడుంది. 1966 జూన్‌లో సియెర్రా క్లబ్ అనే పర్యావరణ సంస్థ గ్రాండ్ కాన్యన్ ప్రాంతంలో ఆనకట్టలు వద్దని పత్రికల్లో పేజీ ప్రకటన ఇచ్చింది. మర్నాడే పన్నుల శాఖ నోటీసు వచ్చింది. చివరికి దాతలకు మినహాయింపు పోయింది. సభ్యులు మాత్రం తగ్గలేదు, పెరిగారు. రెండేళ్లకు ఆ ఆనకట్టల ప్రతిపాదనే పోయింది.

మన దగ్గర మొగ్గును దాచకుండా చూపిన సంఘాల ఉదాహరణలూ ఉన్నాయి. 1996లో ఉద్యమంగా పుట్టిన లోక్‌సత్తా 2006 అక్టోబర్ 2న పార్టీ అయింది. 2009లో గెలిచింది ఒక్క కూకట్‌పల్లి. తెలంగాణ జేఏసీని నడిపిన కోదండరామ్ 2018లో పార్టీ పెట్టారు. గీత దాటుతున్నామని చెప్పి దాటారు, దాన్ని తప్పు పట్టలేం.

దాటకుండానే చట్టాన్ని కదిలించినవాళ్లూ ఉన్నారు. 1981లో మొదలైన ఎం.వి. ఫౌండేషన్ 1991 నుంచి అప్పటి రంగారెడ్డి జిల్లాలో పిల్లల్ని పని మాన్పించి బడికి పంపే పని పట్టింది. మన వికారాబాద్, తాండూరు 2016 అక్టోబర్ 11 దాకా ఆ జిల్లాలోవే. బడి బయట ఉన్న పిల్లలంతా బాల కార్మికులే అన్నది వాళ్ల మాట. ‘పేదవాడి కడుపు కొడుతున్నారు’ అన్న మాట వాళ్లూ పడ్డారు. ఆ సంస్థను నడిపిన శాంతా సిన్హాకు 2003లో మెగసెసె అవార్డు వచ్చింది. 2007లో ఆమె జాతీయ బాలల హక్కుల కమిషన్ తొలి అధ్యక్షురాలయ్యారు. 2010 ఏప్రిల్ 1న విద్యాహక్కు చట్టం అమల్లోకి వచ్చింది. ఇదంతా రాజకీయమే, కానీ ఏ గుర్తు మీదా ఓటు అడగని రాజకీయం.

కనుక ‘వెనుక ఎవరున్నారు’ అని అడగడం తప్పు కాదు, అందరినీ అడగాలి. మీ ఊళ్లో ధర్నా టెంటు దగ్గర ఎవరైనా వంద రూపాయలు చందా అడిగితే రసీదు తీసుకోండి. అడుగున రిజిస్ట్రేషన్ నంబరు, 80జీ ఉంటే ఆ నంబరు చూడండి. నిరుటి జమాఖర్చు చూపమనండి. చూపిస్తే వంద ఇవ్వండి. ఎన్నికలప్పుడు గడపకు వచ్చే పార్టీవాళ్లనూ అదే రసీదు, అదే జమాఖర్చు అడగండి.